పేరు లేని రెండు బటన్లు

కిష్టారెడ్డిపేట
8 జూన్ 2025

తనుశ్రీకి,

మీ బాపమ్మ సునంద, బాల్కనీలో వెలుతురు ఉండగానే కూర్చుని రాస్తున్న ఉత్తరం.

కవరు చూసి కంగారు పడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అడుగుతావు కాబట్టి ముందే చెబుతున్నాను. ఫోన్‌లో నువ్వు "తిన్నవా బాపమ్మా" అంటావు, నేను "తిన్న" అంటాను. "బాగున్నవా" అంటావు, "బాగున్న" అంటాను. తర్వాత ఇద్దరం కాసేపు ఊరుకుని పెట్టేస్తాం. నువ్వు బెంగళూరు వెళ్లినప్పటి నుంచి మనం మాట్లాడుకున్నదంతా కలిపినా ఒక పేజీ నిండదు. కాగితం తీసి ముందు పెట్టుకున్నాక మాత్రం ఏదో ఒకటి చెప్పక తప్పదు.

రెండో కారణం నీకు ఒక్కదానికే చెబుతున్నాను. నా రెండు కళ్లలోనూ మధ్యలో చూపు పోతున్నది. పక్కన ఉన్నవి కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. ఎదురింటి షకీలా వచ్చి ముందు నిలబడితే ఆమె దుపట్టా అంచు, చెవి కమ్మలు కనిపిస్తాయి; ముఖం ఉండాల్సిన చోట బూడిద రంగు మచ్చ ఉంటుంది. ముఖం చూడాలంటే చూపు పక్కకు తిప్పాలి. ఇది నెమ్మదిగా పెరిగే జబ్బు అనీ, తగ్గేది కాదనీ డాక్టరు చెప్పాడు. అక్షరాలు పూర్తిగా పోయేలోపు, చూడకుండా రాయడం చేతికి నేర్పాలి. పంపుల ఫ్యాక్టరీలో రిటైరైన రోజు, సరుకు కొలతలు చూసే మా గేజ్ రూం వాళ్లు ఇచ్చిన స్టీలు స్కేలును కాగితం మీద అడ్డంగా పెట్టి, దాని అంచు మీదుగా రాస్తున్నాను. లైను అయిపోగానే స్కేలు కిందికి జరుపుతాను.

మీ నాన్నకు ఇది చెప్పకు. పోయిన దసరాకు వాడు పూణె నుంచి వచ్చినప్పుడు ఏం జరిగిందో నీకు తెలుసు. "అమ్మా, ఒక్కదానివి గీ ఫ్లాట్ల ఎందుకు, మా దగ్గరికి రా" అన్నాడు. "నా పనులు నేను చేసుకున్నన్ని రోజులు ఈడనే ఉంట. ఒక్క పని చేతగాకున్నా నేనే ఫోన్ జేసి చెప్త, వచ్చి తీస్కపో" అన్నాను. వాడు ఒప్పుకున్నాడు. ఇద్దరం ఆ మాట మీదే ఉన్నాం. ఇప్పటివరకు నా పని ఏదీ ఆగలేదు. ఫోన్‌లో చదివి వినిపించే గొంతు పెట్టుకున్నాను. వేలు కుడికి తోస్తే తర్వాతి దాని పేరు చెబుతుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు. మందులు తెప్పించుకోవడం, నీళ్ల ట్యాంకరుకు చెప్పడం, గేటు దగ్గరికి వచ్చినవాళ్లను పైకి రానివ్వడం, అన్నీ దాంతోనే. పూణె మంచి ఊరే. కానీ అక్కడ నేను ఒకరి ఇంట్లో ఒక గదిలో ఉంటాను. ఇక్కడ ఇంట్లో ఉంటాను.

జవాబు అచ్చు వేసి పంపు. నీ చేతిరాత నా కళ్లు బాగున్నప్పుడే నాకు అర్థం కాలేదు.

నువ్వు చేసే ఉద్యోగం ఏమిటో కూడా సరిగా రాయి. "వెబ్ ప్రమాణాలు" అని మీ నాన్న చెప్పాడు గానీ వాడికీ తెలిసినట్టు లేదు.

స్కేలు చివరి అంచుకు వచ్చింది, ఇక చోటు లేదు.

సునంద


బెంగళూరు
15 జూన్ 2025

బాపమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రతి లైనూ తిన్నగా ఉంది, ఒత్తులన్నీ స్కేలు అంచు తగిలి ఆగిపోయాయి. నాన్నకు చెప్పను. కానీ నాకు బాగా అనిపించలేదు, అది కూడా నీకు చెప్పాలి కదా.

నా పని. నువ్వు గేజ్ రూంలో పనిచేశావు కాబట్టి నీకు చెప్పడం సులువు. ఒక కంపెనీ చేసిన బోల్టుకు ఇంకో కంపెనీ చేసిన నట్టు పట్టాలంటే ఇద్దరూ ఒకే కొలత పాటించాలి. వెబ్ కూడా అంతే. ఎవరో ఎక్కడో రాసిన పేజీ ఏ ఫోన్‌లోనైనా, ఎవరి చేతిలోనైనా ఒకేలా పనిచేయాలంటే ఒక ఒప్పందం ఉండాలి. ఆ ఒప్పందాలు రాసే సంఘంలో నేనూ ఒకదాన్ని. ఇప్పుడు మేం తేల్చాల్సిన విషయం ఒకటుంది. పేజీలను తనిఖీ చేసే పనిముట్టు ఒకటి తయారుచేస్తున్నాం. బటన్‌కు పేరు పెట్టకపోతే నీ ఫోన్‌లాంటి గొంతు దాన్ని చదవలేదు, ఉత్తగా "బటన్" అంటుంది. అలాంటి పేజీ దొరికితే మా పనిముట్టు దాన్ని ఆపేయాలా, లేక హెచ్చరించి వదిలేయాలా? ఆపితే తయారీదారులకు కోపం వస్తుందని చాలామంది హెచ్చరిక చాలంటున్నారు. నేను ఇంకా ఏమీ అనలేదు. అక్కడ అందరూ నాకంటే పెద్దవాళ్లు.

మీటింగులు సాయంత్రం, వేరే వేరే దేశాల వాళ్లతో. పగలంతా గదిలో ఒక్కదాన్నే పనిచేస్తాను. కొన్ని రోజులు నా గొంతు నేను మొదటిసారి వినేది ఆ మీటింగులోనే. వరుసగా కొన్ని రోజులు వంకాయ కూరే వండుకున్నాను, ఇంకేం వండాలో తోచక.

అచ్చు వేయమన్నావు కాబట్టి వేశాను.

నీ మనవరాలు
తనుశ్రీ

(పేజీ చివర, నీలం సిరాతో, చేత్తో) ఇక్కడ నాకు ఎవరూ లేరు బాపమ్మా. నీ దగ్గరికి వచ్చి కొన్ని రోజులు ఉండనా?


కిష్టారెడ్డిపేట
24 జూన్ 2025

తనుశ్రీకి,

వాన మొదలైంది. బట్టలు లోపలే ఆరేశాను కాబట్టి ఇంటి నిండా సబ్బు వాసనతో రాస్తున్నాను.

నీ ఉత్తరం ఫోన్‌కు చూపించాను, చదివింది. వంకాయ కూర రోజూ తినకు. బీరకాయ ఉంది, సొరకాయ ఉంది, పప్పు ఉంది. వండడం తెలియక కాదు, ఎవరికోసం అనిపించి నువ్వు మానేస్తున్నావు. నాకూ అలాగే ఉంటుంది. అందుకే నేను పళ్లెం పెట్టుకుని, నీళ్ల గ్లాసు పెట్టుకుని, కుర్చీలో కూర్చునే తింటాను. పొయ్యి దగ్గర నిలబడి తినడం మొదలుపెడితే మనిషి పాడవుతుంది.

హెచ్చరిక విషయం. మా దగ్గర గేజ్‌కు రెండు కొనలు ఉండేవి. ఒక కొన రంధ్రంలోకి పోవాలి, రెండో కొన పోకూడదు. దాన్ని పట్టుకున్నవాడు ఏమీ ఆలోచించనక్కర్లేదు. గేజ్ ఎవరినీ హెచ్చరించదు. పోతుంది, లేదా పోదు. "కొంచెం ఎక్కువుంది మేడం, పర్వాలేదు, పంపించుండ్రి" అనేవాళ్లు ప్రతి నెలాఖరుకూ వచ్చేవారు. పంపించి ఉంటే ఆ పంపు ఎక్కడో పొలంలో ఆగిపోయేది, అప్పుడు దాని ముందు నిలబడేది వాళ్లు కాదు. నువ్వు మీటింగులో నోరు తెరవాలి. పెద్దవాళ్లు ఉన్నారని ఊరుకుంటే నీకు అక్కడ కుర్చీ ఎందుకు?

ఇంకో సంగతి. మా అపార్ట్‌మెంట్ గేటు యాప్‌ను ఎవరో మార్చారు. మొన్న రాత్రి పడుకునేటప్పుడు ఒకలా ఉంది, పొద్దున లేచేసరికి ఇంకోలా ఉంది. ఇదివరకు "రానివ్వు, బటన్. వద్దు, బటన్" అని చెప్పేది. ఇప్పుడు "బటన్. బటన్" అంటుంది, అంతే. నువ్వు రాసిన జబ్బే. నాకు ఇబ్బంది లేదులే. మొదటిది రానివ్వు, రెండోది వద్దు, ఆ వరుస నాకు గుర్తుంది. కానీ అడగకుండా మార్చడమేమిటి? మేం ఒక గేజ్ మార్చాలంటే దాన్ని వాడే ప్రతి మనిషికీ ముందు చూపించి, సంతకం తీసుకుని మార్చేవాళ్లం. వీళ్లు ఇల్లు ఊడ్చినంత తేలికగా మార్చేస్తున్నారు.

గొంతు తడారింది, రాస్తూ పైకి చదువుకుంటున్నాను కదా.

సునంద


కిష్టారెడ్డిపేట
7 జూలై 2025

తనుశ్రీకి,

ఇది చిన్న ఉత్తరం.

నిన్న ఆదివారం మీ నాన్న వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. ఫోన్ మోగి "నవీన్‌కుమార్, అతిథి" అని చెప్పింది. సంతోషపడ్డానని రాయడానికి నాకేం నామోషీ లేదు. వెంటనే రానివ్వు నొక్కాను. మళ్లీ మోగితే మళ్లీ నొక్కాను. పొయ్యి మీద చాయ్ పెట్టాను. వాడికి అల్లం ఎక్కువ వేయాలి, అల్లం దంచాను. తలుపు తీసి పెట్టి నిలబడ్డాను. లిఫ్టు రెండుసార్లు మా అంతస్తు దాకా వచ్చింది, ఎవరో ఎవరింటికో వెళ్లారు. వాడు రాలేదు.

చాయ్ చల్లారింది. మళ్లీ వేడి చేశాను. సాయంత్రమైంది.

గేటు దాకా వచ్చి, నేను రమ్మన్నాక కూడా పైకి రాకుండా వెళ్లిపోయాడు. నా మీద కోపం ఉంటే ఎదురుగా అనాలి. చిన్నప్పుడు కూడా ఇంతే, అలిగితే అన్నం దగ్గరికి వచ్చి, పళ్లెం చూసి వెళ్లిపోయేవాడు. వాడు ఫోన్ చేయలేదు. నేనూ చేయను. గేటు దాకా వచ్చినవాడు మిగిలిన నాలుగు అంతస్తులూ ఎక్కాలి.

సునంద


బెంగళూరు
12 జూలై 2025

బాపమ్మా,

ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను. తర్వాత మర్యాదగా మార్చి రాద్దామనుకున్నాను, కానీ కాగితం ముందుంటే చెప్పక తప్పదని నువ్వే కదా అన్నావు.

నాన్న నాతో మాట్లాడాడు. ఆయన చెప్పింది వేరు. హైదరాబాద్‌లో ఏదో పని ఉండి వచ్చాడట, నిన్ను చూసి పోదామని గేటు దగ్గర ఆగాడట. వాచ్‌మన్ సత్తయ్య ఫోన్‌లో చూసి, "సార్, అమ్మ వద్దన్నది" అన్నాడట. "మల్లొక్కసారి అడుగు" అని నాన్న అంటే మళ్లీ పంపాడట. మళ్లీ వద్దన్నావట. రెండుసార్లు! సత్తయ్య ముందు, వెనక ఆగిన కార్ల ముందు. "మా అమ్మ నన్ను గేటు కాడ్నించే ఎల్లగొట్టింది తనూ" అన్నాడు నాన్న. ఆయన ఏడ్చాడో లేదో నాకు తెలియదు.

పూణె రమ్మన్నాడని అంత కోపమా? నువ్వు రానివ్వలేదు, పైగా ఆయనే రాలేదని నాకు రాశావు. నువ్వు ఎప్పుడూ అబద్ధం చెప్పవని అనుకునేదాన్ని.

నువ్వు మనుషుల్ని ఇలా దూరం పెడతావని నాకూ తెలుసు. నా చేతిరాత వద్దన్నావు. సరే, అచ్చు వేశాను. అయినా పోయిన ఉత్తరం చివర ఒక్క లైను చేత్తో రాశాను. నా జీవితంలో నేను ఎవరినీ అడగనిది అడిగాను. వంకాయ కూర గురించి అంత రాశావు గానీ దానికి ఒక్క మాట జవాబు లేదు. రావద్దంటే రావద్దని రాసినా సరిపోయేది.

తనుశ్రీ


కిష్టారెడ్డిపేట
19 జూలై 2025

తనుశ్రీకి,

ముందు నీకు ఇది చెప్పాలి. నీ ఉత్తరాలు నేను చదవడం లేదు, వింటున్నాను. ఫోన్‌ను కాగితం మీద పట్టుకుంటే ఆ గొంతు చదువుతుంది. అది అచ్చునే చదువుతుంది. చేతిరాత కనిపిస్తే ఏమీ అనకుండా దాటిపోతుంది. అందుకే అచ్చు వేయమన్నాను. చదవలేకపోతున్నానని రాయడం ఇష్టం లేక నీ చేతిరాత బాగాలేదని రాశాను. పాత ఉత్తరం తీసి, కిటికీ దగ్గర పట్టుకుని, తల పక్కకు తిప్పి వెతికాను. చివర నీలంగా ఏదో ఉంది. ఏముందో నాకు తెలియదు. అది అచ్చులో పంపు. షకీలాను చదవమని అడగలేదు, నువ్వు నాకు రాసింది కదా.

నీ కోపం ఉత్తరాన్ని కూడా ఆ గొంతు వార్తలు చదివినట్టే చదివింది. రెండోసారి వింటే గానీ నీకు కోపం వచ్చిందని అర్థం కాలేదు.

విన్నాక షకీలాను పిలిచాను. ఎదురింట్లో ఉంటుంది, పటాన్‌చెరులో టైలరింగ్ నేర్పుతుంది, నీకు గుర్తుండే ఉంటుంది. గేటు బయటికి వెళ్లి, కొత్త మనిషిలా పేరు చెప్పి లోపలికి రమ్మన్నాను. "క్యా అమ్మా, నేను గీడనే ఉంట గద, నాకేంది గేటు కాడ పేరు చెప్పుడు?" అంది. వెళ్లమన్నాను. ఫోన్ మోగింది. "షకీలా, అతిథి. బటన్. బటన్." మొదటిది నొక్కాను. కాసేపటికి కింది నుంచి ఆమె అరుపు వినిపించింది. "అమ్మా! నన్నే వద్దంటివా? గీ సత్తయ్య నన్ను లోపలికి ఇడుస్తలేడు!" వెనకాల సత్తయ్య గొంతు. "నన్నేం జెయ్యమంటవమ్మా, ఫోన్ల ఎర్రగొచ్చింది."

రెండోది నొక్కి చూశాను. ఆమె పైకి వచ్చింది. మళ్లీ పంపాను, మళ్లీ అదే. "ఇగ చాలమ్మా, నా మోకాళ్లు పోతున్నయ్, జెర చాయ్ పొయ్యి" అని కుర్చీలో కూలబడింది.

పేర్లు తీసేసినవాళ్లు వరుస కూడా మార్చారు. ఆ తర్వాత నాకోసం గేటుకు వచ్చిన మొదటి మనిషి మీ నాన్నే. నేను నా కొడుకును రెండుసార్లు గేటు దగ్గర నుంచి పంపేశాను. రెండోసారి ఫోన్ మోగినప్పుడు, మొదటిసారి సరిగా తగల్లేదేమో అనుకుని, గట్టిగా నొక్కాను. ఆ గట్టిగా నొక్కడం నాకు మరుపు రావడం లేదు.

ఇప్పుడు నా ముందు రెండు దార్లున్నాయి. ఊరుకుంటే, కోపంతోనే వద్దన్నానని వాడు అనుకుంటాడు. కొన్నాళ్లు మాట్లాడడు. ఇల్లు నాకు ఉంటుంది. నిజం చెబితే కళ్ల సంగతి చెప్పాలి. అప్పుడు నేనిచ్చిన మాట ప్రకారం ఒక పని నాకు చేతకాలేదు. ఇంటికి వచ్చిన మనిషికి తలుపు తీయడం కన్నా చిన్న పని ఏముంటుంది? వాడిని ఆ పొరపాటులోనే ఉంచి ఇల్లు నిలబెట్టుకోవడమంటే, పట్టని బోల్టును సంచీ అడుగున పెట్టి పంపినట్టే.

బ్యాగు సర్దాను. పరీక్షలో పోయిన సరుకును లైను మీద ఉంచకూడదు. పూణె వెళతాను. వాడికి ఫోన్ చేసే ముందు నీకు రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఇంట్లో నుంచి రాసే ఉత్తరాల్లో ఇది చివరిదో దాని ముందుదో.

పక్కింటి కుక్కర్ కూతలు వింటూ, భోజనానికి లేస్తూ,

సునంద


బెంగళూరు
24 జూలై 2025

బాపమ్మా,

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. నాన్నకు ఫోన్ చేయడం ఆపమని కాదు. చెయ్యి. నిజం చెప్పు. కానీ బ్యాగు తీసుకుని బయలుదేరకు.

నాకు పదేళ్లప్పుడు సెలవుల్లో నువ్వు చెప్పిన కథ ఒకటి ఉంది. ఒక రోజు మంచి కార్మికుడు చేసిన సరుకు మొత్తం గేజ్ దగ్గర పట్టలేదు. అందరూ అతన్ని తిట్టారు. నువ్వు మాత్రం గేజ్‌ను పక్కన పెట్టి, అల్మారాలో మాస్టర్ రింగు తీసి, ముందు గేజ్‌నే కొలిచావు. అరిగిపోయింది గేజ్. "సరుకును తిట్టే ముందల గేజ్‌ను చూడాలె" అన్నావు నాకు, జడ వేస్తూ.

ఇప్పుడు నువ్వే ఆ సరుకువి. నిన్ను కొలిచిన గేజ్ ఆ యాప్. అది నేను చూశాను, నా పని అదే కదా. పైకి యాప్‌లా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది వెబ్ పేజీయే. బటన్‌కు పేరు ఉండాలనేది మా ఒప్పందంలో ఎప్పటి నుంచో ఉన్న మాట. దాని లెక్కన ఆ పేజీ ఫెయిల్. నువ్వు కాదు. కళ్లు లేనివాళ్లు తలుపు తీయలేకపోవడం వాళ్లకు చేతకాకపోవడం కాదు, తలుపు తప్పుగా చేయడం. దీన్ని నేను ఇన్నాళ్లుగా మీటింగుల్లో వింటున్నాను. నీ ఉత్తరం వచ్చేదాకా నాకు అర్థం కాలేదు.

తయారు చేసినవాళ్లకు రాశాను. చిన్న కంపెనీ. జ్యోతి అనే అమ్మాయి ఫోన్ చేసింది. "పచ్చ, ఎరుపు ఉన్నాయి కదా మేడం, పేర్లు పెడితే తెర ఇరుకైపోతుందని తీసేశాం. రంగు చాలనుకున్నాం" అంది. నాన్న సంగతి చెప్పాను. "మా తాతకు కూడా కనిపియ్యదు మేడం" అంది. తర్వాతి అప్‌డేట్‌లో అన్నిటికీ పేర్లు పెడతానంది. చదివే గొంతుకు మాత్రమే వినిపించేలా పెట్టొచ్చు, తెర ఇరుకవ్వదు, ఎలాగో చూపించాను.

మీటింగులో మాట్లాడాను. గేజ్ హెచ్చరించదని చెప్పాను. ఒక తల్లి గురించి, ఒక గేటు గురించి చెప్పాను, పేర్లు చెప్పలేదు. ఇంకా ఏమీ తేలలేదు. మా దగ్గర ఒక మాట తేలడానికి ఏళ్లు పడుతుంది. కానీ హెచ్చరిక చాలన్నవాళ్లలో ఒకాయన, "నేను మళ్లీ ఆలోచించుకోవాలి" అన్నాడు.

నీలం సిరాతో రాసింది ఇది: "ఇక్కడ నాకు ఎవరూ లేరు బాపమ్మా. నీ దగ్గరికి వచ్చి కొన్ని రోజులు ఉండనా?"

అచ్చులో చూస్తే సిగ్గుగా ఉంది.

తనుశ్రీ


కిష్టారెడ్డిపేట
17 ఆగస్టు 2025

తనుశ్రీకి,

వాన వెలిసింది. బాల్కనీ కుర్చీ తుడిచి, కూర్చుని, తాపీగా రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన రోజున నేను బ్యాగుకు పసుపు ట్యాగు కట్టాను. మా దగ్గర పచ్చ ట్యాగు కడితే పాసైన సరుకు, ఎర్రది కడితే పోయిన సరుకు. పసుపుది కడితే, ఇంకా తేల్చలేదు, ఎవరూ కదపొద్దు అని. పాత అట్టపెట్టె కత్తిరించి, పసుపు తాగిన గుడ్డతో తుడిచి చేశాను. బ్యాగు తలుపు పక్కనే ఉంచాను.

తర్వాత మీ నాన్నకు ఫోన్ చేశాను. "నేను నిన్ను వద్దనలేదు. నాకు కనిపియ్యలే" అన్నాను. వాడి వైపు టీవీ చప్పుడు ఆగింది. "ఎన్నడి సంది?" అన్నాడు. చెప్పాను. "వస్తున్న" అన్నాడు. ఆఫీసులో సెలవు దొరికేసరికి నిన్నటి శనివారమైంది. ఈలోగా జ్యోతి చేసిన అప్‌డేట్ కూడా వచ్చింది. ఈసారి కూడా నన్నెవరూ అడగలేదు. అయినా ఈసారి ఊరుకున్నాను.

పొద్దున ఫోన్ మోగింది. "నవీన్‌కుమార్, అతిథి. వద్దు, బటన్. రానివ్వు, బటన్." వరుస మాత్రం ఇంకా అదే. పేరు రెండుసార్లు విని, రెండోది నొక్కాను. లిఫ్టు వచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డాడు. వాడి ముఖం చూడాలని తల పక్కకు తిప్పాను.

"అటెందుకు చూస్తున్నవమ్మా, నేనీడున్న" అన్నాడు.

"నిన్ను చూడాలంటే అటే చూడాలె" అన్నాను.

వాడు నా ముందు అలాగే నిలబడిపోయాడు. చెంప దగ్గర జుట్టు తెల్లబడింది. దసరాకు చూసినప్పుడు అలా లేదు, లేక అప్పటికే నేను సరిగా చూడడం లేదేమో.

లోపలికి వస్తూ బ్యాగు చూశాడు. చిన్నప్పుడు బడికి సెలవొస్తే గేజ్ రూంలో నా బల్ల కింద కూర్చుని ట్యాగులతో ఆడుకునేవాడు కాబట్టి వాడికి చెప్పనక్కర్లేదు.

"ఎవల సరుకిది, పసుపుల పెట్టినవ్?"

"నాదే."

"తేల్చేదెవలు?"

"చేసినోళ్లు తమ సరుకు తామే పాస్ చేసుకోవద్దు. నువ్వే చూడు."

వాడు నిజంగానే చూశాడు. నవ్వుకుంటూ చూస్తాడనుకున్నాను, లేదు. చాయ్ పెట్టమన్నాడు, పక్కన నిలబడ్డాడు, చెయ్యి వేయలేదు. మందుల డబ్బాలో ఏది ఏ పూటదో అడిగాడు. ట్యాంకరు చెప్పమన్నాడు. ఆ తర్వాత కిందికి వెళ్లి గేటు బయట నిలబడి మళ్లీ తన పేరు పంపాడు. రానిచ్చాను. మళ్లీ వెళ్లాడు. ఈసారి పేరు మార్చి, కొరియరు అని పంపాడు. నేనేమీ తెప్పించుకోలేదు, వద్దు నొక్కాను. కింది నుంచి సత్తయ్య గొంతు పైదాకా వినిపించింది. "సార్, పొద్దుగాల్నించి ఏందిది? మొన్న అమ్మేమో షకీలమ్మను తిప్పింది, ఇయ్యాల మీరు తిరుగుతున్రు. మీ ఇంటోళ్లకు ఈ గేటు తప్ప ఏం దొరకలేదా?"

పైకి వచ్చి బ్యాగుకున్న ట్యాగు విప్పాడు. "పాసే అమ్మా. కానీ గేజ్‌కైనా మనిషికైనా మధ్యమధ్యల తనిఖీ ఉండాలె గద. నేనొచ్చి చూస్త ఉంట. అప్పుడు పట్టకపోతే చెప్త, నువ్వు మాట తప్పొద్దు" అన్నాడు. ట్యాగు జేబులో పెట్టుకున్నాడు. నేను సరేనన్నాను. భోజనం చేశాడు. అన్నం దగ్గర అలగలేదు. ఇవాళ మధ్యాహ్నం దాకా ఉండి, పూణెకు బయలుదేరాడు.

నీ నీలం లైనుకు జవాబు. రా. కొన్ని రోజులని లెక్క పెట్టుకుని రాకు. నీ పని ఏ గదిలో కూర్చున్నా జరిగేదే కదా, ఇక్కడ ఒక గది ఖాళీగా ఉంది. వంకాయ ఇక్కడ కూడా దొరుకుతుంది. గేటు దగ్గర నీ పేరు చెప్పు. ఇక ముందు చేత్తో రాయాలనిపిస్తే ఉత్తరంలో రాయకు, వచ్చి పైకి చదువు. ఆ ఫోన్ గొంతులో నీ ఉత్తరాలు విని విని, నువ్వు ఎలా మాట్లాడతావో మరిచిపోయేలా ఉన్నాను.

ఇంకొక్క మాట, ఆ జ్యోతికి చెప్పాల్సింది. అన్నిటికీ పేరు పెట్టమంటే నిజంగా అన్నిటికీ పెట్టింది. ఇదివరకు మనుషులు బయటికి వెళితే ఈ ఫోన్ నాకు చెప్పేది కాదు. మీ నాన్న లిఫ్టు దిగి, గేటు దాటే సమయానికి నేను తలుపు వేసి కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"నవీన్‌కుమార్ బయటికి వెళ్లారు. సరే, బటన్."

ఉన్నది ఒక్కటే బటన్. దానికీ పేరుంది, తప్పు నొక్కే వీలు లేదు. నొక్కేదాకా ఆ మాట తెర మీద నుంచి పోదు. ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పటి నుంచి ఫోన్ పక్కనే ఉంది, వేలు తగిలినప్పుడల్లా అదే చెబుతున్నది. ఇంకా నొక్కలేదు.

సునంద